40 లీటర్ల ట్యాంకు, పీహెచ్ 7.8: ఏ చేపలు వేయొచ్చు?

ప్రశ్న:
ట్యాంకు 45×30×30 సెంటీమీటర్లు. వెనక తగిలించే ఫిల్టర్, 50 వాట్ల హీటర్ ఉన్నాయి. నీళ్లు 26 డిగ్రీల దగ్గర నిలుస్తున్నాయి. కుళాయి నీళ్లు పరీక్షిస్తే పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) 7.8, జీహెచ్ (నీటి కఠినత్వం కొలత) 14 డిగ్రీలు వచ్చింది. నీళ్లు నింపి ఐదు రోజులైంది, తేటగా ఉన్నాయి. ఆరు నియాన్ టెట్రాలు, రెండు ఏంజెల్స్, రెండు గోల్డ్ ఫిష్, నాచు తినడానికి ఒక సక్కర్ వేద్దామనుకుంటున్నాను. సరిపోతాయా? లేకపోతే వీటి బదులు ఏవి?

జవాబు 1:
పేరుకు 40 లీటర్లే గానీ, అడుగున గులకరాళ్లు, పైన ఖాళీ పోను 33 లీటర్లకు అటూ ఇటూగా మిగులుతాయి. అమ్మకానికి ఉంచే చేపలు చాలావరకు పిల్లలే కాబట్టి అక్కడ కనిపించే సైజు చూసి ఎంచుకోకండి. వేలెడంత సక్కర్ 30 సెం.మీ. దాటి పెరుగుతుంది. మీ ట్యాంకు వెడల్పే 30, అది ఇక వెనక్కి తిరగలేదు. పైగా అది తినే నాచు కంటే వేసే రెట్టే ఎక్కువ. ఏంజెల్ రెక్కలతో కలిపి నిలువునా 15 సెం.మీ. పైనే ఉంటుంది, పెద్దదయ్యాక నియాన్‌లను మింగేస్తుంది. గోల్డ్ ఫిష్‌కు 20 డిగ్రీల నీళ్లు హాయి, దానికి హీటరే అక్కర్లేదు. ఈ మూడూ వదిలేయండి. నియాన్‌లు ఆరూ పడతాయి.

జవాబు 2:
నియాన్ విషయంలో పై జవాబుతో ఏకీభవించలేనండీ. చోటు సరిపోతుంది, నీళ్లు సరిపోవు. అది అమెజాన్ ప్రాంతపు సాఫ్ట్ వాటర్ (ఖనిజ లవణాలు తక్కువున్న నీళ్ల) చేప. మీది గట్టి హార్డ్ వాటర్, అంటే లవణాలు ఎక్కువ. ఫారంలో పెంచినవి కొంత ఓర్చుకుంటాయి గానీ, కొత్త ట్యాంకులో ముందుగా పోయేవి అవే. పీహెచ్ తగ్గించే మందు మాత్రం పోయకండి. నీళ్లలోని కార్బొనేట్లు ఆ యాసిడ్‌ను హరించేసి ఒకటి రెండు రోజుల్లో పీహెచ్‌ను మళ్లీ పైకి తెస్తాయి. స్థిరంగా ఉన్న 7.8 కంటే ఆ ఎగుడుదిగుళ్లే చేపకు ఎక్కువ ప్రమాదం.

మీ నీళ్లు గప్పీలకు సరిగ్గా అతికినట్టున్నాయి. మగవే ఆరు తీసుకోండి. పొట్ట కింది రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది, సన్నటి పుల్లలా వెనక్కి వాలి ఉంటే మగది. ఒక్క ఆడది వచ్చినా దాదాపు నెలకోసారి పదుల కొద్దీ పిల్లలు పెడుతుంది. మగ చేప లేకపోయినా ముందటి కలయిక వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు.

గప్పీలు వద్దనుకుంటే ఒకే ఒక్క బెట్టా (ఫైటర్ చేప). రెండూ కలపొద్దు, గప్పీ తోక చూసి బెట్టా మీద పడుతుంది. బెట్టా అయితే ఫిల్టర్ నీళ్లు పడేచోట స్పాంజి కట్టి వేగం తగ్గించండి.

నాచుకు రెండు నెరైట్ నత్తలు చాలు. హార్డ్ వాటర్‌లో వాటి గుల్ల గట్టిగా ఉంటుంది. గాజు మీద నువ్వు గింజల్లాంటి తెల్లటి గుడ్లు అంటిస్తాయి గానీ మంచినీటిలో అవి పిల్లలు కావు.

జవాబు 3:
ఏ చేప అన్నది తర్వాత, ఇప్పుడు మాత్రం దేన్నీ వేయకండి. నీళ్లు తేటగా ఉంటే సరిపోదు, చేపల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాకు రంగుండదు. మీ పీహెచ్‌లో దాని విషం మరీ ఎక్కువ: 7 దగ్గర ఉన్నదానితో పోలిస్తే 8 దగ్గర విషపు వంతు సుమారు తొమ్మిది రెట్లు.

క్లోరిన్ పోగొట్టే ద్రావణం కలిపి, ఫిల్టర్ నడుస్తుండగా సబ్బు, సువాసన కలవని అమ్మోనియాను 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేయండి. దాన్ని తిని హరించే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికే ఇదంతా. రోజు విడిచి రోజు పరీక్షించండి. ముందు అమ్మోనియా తగ్గి నైట్రైట్ (ఇదీ విషమే) పెరుగుతుంది, తర్వాత అదీ పడిపోయి అంత హాని లేని నైట్రేట్ మిగులుతుంది. మామూలుగా 4 నుంచి 6 వారాలు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగం పైగా నీళ్లు మార్చండి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి కథ మొదటికొస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. మగ గప్పీలు ఆరు, నెరైట్లు రెండు ఖాయం. గప్పీలన్నీ ఒకేసారి వేయొచ్చా?

జవాబు 3:
24 గంటల పరీక్ష నెగ్గితే వేయొచ్చు. ఒకేసారి వేస్తే ముందొచ్చింది తర్వాతవాటిని తరమడం కూడా తగ్గుతుంది. సంచిని 15 నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత అరగంటలో నాలుగైదు సార్లు ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం సంచిలో పోయండి. చేపలను వలతో తీసి వేయండి, సంచి నీళ్లు ట్యాంకులో కలవనీయొద్దు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. వారానికి 10 లీటర్లు మార్చండి, కొత్త నీళ్లు అదే వేడిలో, క్లోరిన్ లేకుండా ఉండాలి. నత్తలను గాజు మీద నాచు కనిపించాకే తెండి, ముందే తెస్తే ఆకలితో పోతాయి.