గుళ్ళో మోటార్ నగారా మెషిన్ మేలా, స్పీకర్లో శాంపిల్ మేలా?

గోదారిగట్టు: మా గుళ్ళో హారతికి మోటార్ నగారా పెట్టారు, స్విచ్ వేస్తే డోలు గంటలు తాళాలు అన్నీ ఒక్కసారే, చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. దీనికంటే ఫోన్లో శాంపిల్ (ముందే రికార్డు చేసిన డోలు చప్పుడు) పెట్టి స్పీకర్‌కి కలిపితే పోదా?

పాతరేడియో: పోదండీ. మోటార్ తిప్పినా కర్ర పడేది నిజం డోలు మీదే, ఆ అదురు చిన్న స్పీకర్లో ఎక్కడొస్తుంది. కాకపోతే ఒకటే దరువు, అదే విసుగు.

తనిఆవర్తనం: మెషిన్లన్నీ మొద్దువి కాదండోయ్, 1904లో జర్మనీవాళ్ళ వెల్టె-మిన్యోన్ అని పియానో వాయించే మెషిన్ వచ్చింది, వాయించినాయన ఎక్కడ మెల్లగా నొక్కాడో ఎక్కడ గట్టిగా నొక్కాడో కూడా కాగితం రోల్ మీద చిల్లులుగా ఎక్కించి మళ్ళీ అసలు పియానో మీదే వాయించేది, ఫ్రెంచి సంగీతకారుడు డెబుస్సీ కూడా దానికి రోల్స్ చేశాడు.

గోదారిగట్టు: బానే ఉంది, మరి పెళ్ళిలో పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం ఎత్తుకునే మెషిన్ ఉందా?

పాతరేడియో: 😀 దానికి డోలాయనే రావాలి, ముందు ఆయనకి టిఫిన్ పెట్టండి