వెస్ట్‌బ్రుక్ లాంటి సీనియర్ల జీతాలు ఒక్కసారిగా ఇంతగా ఎందుకు పడిపోతున్నాయి?

ప్రశ్న

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏను చాలాకాలంగా చూస్తున్నవారిని ఒక విషయం అడగాలని ఉంది. 2022-23 సీజన్‌లో రస్సెల్ వెస్ట్‌బ్రుక్ జీతం 4.7 కోట్ల డాలర్లు. ఆ మరుసటి ఏడాదికి క్లిప్పర్స్ జట్టు ఆయనకు ఇచ్చింది 40 లక్షల లోపే. 2025లోనైతే ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసినవారు ఏ జట్టులోనైనా చేరగల గడువు, మొదలైన తరువాత మూడు నెలలకు పైగా ఒప్పందమే లేకుండా గడిపి, అక్టోబరులో శాక్రమెంటో కింగ్స్‌తో కనీస జీతానికి ఒక్క ఏడాదికి సంతకం చేశారు. 2017లో ఎంవీపీగా (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడిగా) నిలిచి, ట్రిపుల్ డబుల్స్‌లో, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గణాంకాలు పదికి చేరడంలో, పాతతరం దిగ్గజం ఆస్కార్ రాబర్ట్‌సన్‌ను దాటిన ఆటగాడాయన. వయసుతో పాటు ఆట తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ జీతం పన్నెండో వంతుకు దిగేటంతగా ఒక్క ఏడాదిలో ఆట తగ్గిపోతుందా? నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తోంది.

మొదటి జవాబు

మీ బాధ అర్థమైందండీ. అయితే ఆ 4.7 కోట్లు 2022 నాటి ఆటకు కట్టిన వెల కాదు. 2017లో ఓక్లహోమా సిటీ తన ఎంవీపీకి రాసిచ్చిన ఐదేళ్ల ఒప్పందంలో చివరి ఏడాది జీతం అది. అగ్రశ్రేణి సీనియర్లకు శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితిలో) 35 శాతం వరకు ఇవ్వవచ్చు, ఆపై ఏటా పెంపు ఉంటుంది. కాబట్టి ఆటగాడి కాళ్లలో వేగం తగ్గే సంవత్సరాలలోనే జీతం శిఖరానికి చేరుతుంది. ఒప్పందం ముగిసిన రోజున పడిపోయినట్టు కనిపించేది నిజానికి అంతకుముందే రెండు మూడేళ్లుగా మెల్లగా తగ్గుతూ వచ్చిన విలువ.

మీరు అన్యాయం అంటున్నదానికి బలమైన కారణం మరొకటి ఉంది. లీగ్‌కూ ఆటగాళ్లకూ మధ్య 2023 జులైలో అమలులోకి వచ్చిన ఉమ్మడి ఒప్పందం జట్ల జీతాల మొత్తానికి ‘సెకండ్ ఏప్రన్’ అనే పై గీత గీసింది. 2025-26లో శాలరీ క్యాప్ సుమారు 15.5 కోట్లయితే, ఆ గీత సుమారు 20.8 కోట్ల దగ్గర ఉంది. దాన్ని దాటిన జట్టుకు మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటినా మధ్యస్థ జీతానికి ఒకరిని తీసుకునే వెసులుబాటు) ఉండదు, ఇద్దరి జీతాలను కలిపి ఒక పెద్ద ఆటగాడిని ట్రేడ్‌లో తెచ్చుకునే వీలూ ఉండదు. బయటి ఫ్రీ ఏజెంట్‌కు ఇవ్వడానికి దాని చేతిలో కనీస జీతం తప్ప ఏమీ మిగలదు. టైటిల్ కోసం పోరాడే జట్లే తరచుగా ఆ గీత దగ్గర తిరుగుతుంటాయి, ముప్పై అయిదు దాటిన ఆటగాడు చేరాలనుకునేదీ వాటిలోనే. అటు చూస్తే, 2025 వేసవిలో చెప్పుకోదగ్గ క్యాప్ ఖాళీ ఉన్న జట్టు బ్రూక్లిన్ ఒక్కటే. అంటే నిచ్చెనకు పై మెట్టు ఉంది, కింది మెట్టు ఉంది, నడుమ మెట్లు ఊడిపోయాయి.

కింది మెట్టును కాపాడే నియమం కూడా ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. పదేళ్లకు పైగా ఆడినవారి కనీస జీతం 2025-26లో సుమారు 36 లక్షలు. ఒక్క ఏడాది ఒప్పందమైతే జట్టు లెక్కలో పడేది సుమారు 23 లక్షలే. మిగిలినది లీగ్ భరిస్తుంది. లేకపోతే కుర్రవాడు చౌకగా వస్తాడని సీనియర్‌ను ఎవరూ తీసుకోరు.

రెండవ జవాబు

నియమాల సంగతి చక్కగా చెప్పారు, కానీ అంతా 2023 మీదకు నెట్టడం నాకు సమ్మతం కాదు. ఐజయా థామస్‌ను గుర్తు చేసుకోండి. 2016-17లో బోస్టన్ తరఫున మ్యాచ్‌కు 28.9 పాయింట్లు చేసి, తుంటి గాయంతోనే ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) ఆడిన ఆయన 2018లో డెన్వర్‌తో సుమారు 20 లక్షల కనీస జీతానికి కుదుర్చుకోవలసి వచ్చింది. అప్పుడు సెకండ్ ఏప్రన్ లేదు, ఆయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. జట్టు కోసం నొప్పితో ఆడిన మనిషికి ఆ జట్టు తరువాత ఏమీ బాకీ ఉండదు. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి క్రిస్ పాల్ సంగతి? 2024-25లో శాన్ ఆంటోనియో తరఫున, తన ఇరవయ్యో సీజన్‌లో, 82 మ్యాచ్‌లకు 82 మొదటి అయిదుగురిలో ఒకడిగా ఆడారు. గాయమూ లేదు, గైర్హాజరూ లేదు. అయినా ఆ మరుసటి వేసవిలో కోటి డాలర్ల పైచిలుకు నుంచి 36 లక్షలకు దిగారు.

మూడవ జవాబు

ఆయన కుటుంబానికి దగ్గరగా ఉండడానికి లాస్ ఏంజెలెస్‌కు తిరిగి వెళ్లారు కనుక ఆ తగ్గింపులో కొంత ఆయన ఎంపికే. ప్రతి చిన్న ఒప్పందమూ అవమానం కాదండీ. డేమియన్ లిలార్డ్ తన పాత జట్టు పోర్ట్‌లాండ్‌తో మూడేళ్లకు 4.2 కోట్లకు ఒప్పుకున్నారంటే, అప్పటికే మిల్వాకీ ఆయనను వదులుకుంటూ సుమారు 11.3 కోట్లను ఐదేళ్లపాటు చెల్లించడానికి సిద్ధపడింది. అకిలీస్ (మడమ వెనుక స్నాయువు) గాయంతో ఏడాది ఆడలేని స్థితిలో సొంత ఊరులాంటి చోటికి చేరుకోగలిగారు.

నేను ఉండేది డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో. 2024లో క్లే థాంప్సన్ గోల్డెన్ స్టేట్‌లో పదమూడు సీజన్ల బంధం వదిలి, మూడేళ్లకు 5 కోట్ల ఒప్పందంతో మా డాలస్‌కు వచ్చారు. అంతకుముందు ఏడాది ఒక్కదానికే ఆయన జీతం 4.3 కోట్లు. ఇప్పుడు ఎక్కువగా బెంచ్ మీద నుంచే ఆటలోకి వస్తున్నారు. మోకాలి గాయం, ఆపై అకిలీస్ గాయం, రెండున్నరేళ్లు ఆటకు దూరం, ఇవన్నీ దాటిన మనిషి ఆయన. జీతం గురించి ఏమనుకున్నా, ఆయన మూల నుంచి బంతి విసిరినప్పుడు నేను ఇంకా కుర్చీలోంచి లేస్తూనే ఉన్నాను.