అగ్రస్థానంలో ఉన్న లివర్‌పూల్‌ను డాల్‌గ్లీష్ ఎందుకు వదిలిపెట్టారు?

ప్రశ్న: ఏడో నంబరు చొక్కా

నమస్కారం. ఫుట్‌బాల్ ఆటగాడు, మేనేజర్ కెన్నీ డాల్‌గ్లీష్ గురించి చదివేకొద్దీ ఒక సందేహం నన్ను వదలడం లేదు. 1977లో స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్ నుంచి 4,40,000 పౌండ్లకు, అంటే అప్పటికి బ్రిటన్‌లో రికార్డు ధరకు, ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌కు వచ్చి మూడు యూరోపియన్ కప్పులు గెలిచిన ఆటగాడాయన. 1985లో ఆటగాడిగా ఉంటూనే మేనేజర్ అయి, ఐదు పూర్తి సీజన్లలో మూడు లీగ్ టైటిళ్లు, రెండు ఎఫ్.ఏ. కప్పులు సాధించారు. అంతటి మనిషి 1991 ఫిబ్రవరి 22న, జట్టు లీగ్ పట్టికలో మొదటి స్థానంలో ఉండగా రాజీనామా చేశారు. అంతకు రెండు రోజుల ముందు అదే నగరపు ప్రత్యర్థి ఎవర్టన్‌తో జరిగిన ఎఫ్.ఏ. కప్ మ్యాచ్ 4–4తో ముగియడమే కారణమని చాలాచోట్ల కనిపిస్తుంది. ఒక్క మ్యాచ్‌కే అంత నిర్ణయం తీసుకుంటారా? లేక డ్రెస్సింగ్ రూమ్ నుంచి తిన్నగా మేనేజర్ కుర్చీలోకి వెళ్లడంలోనే ఏదైనా చిక్కు ఉందా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: పాత స్కోరుబోర్డు

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే శిక్షణ ఇచ్చే కోచ్ మాత్రమే కాదు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, శనివారం నాటి జట్టులో ఎవరికి చోటు లేదో వాళ్ల ముఖం మీదే చెప్పడం కూడా ఆయన పనే. నిన్నటిదాకా పక్క కొక్కేనికి చొక్కా తగిలించుకున్నవాడితో ఆ మాట చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఊహించండి. డాల్‌గ్లీష్ వచ్చిన కొద్దికాలానికే కెప్టెన్సీని ఫిల్ నీల్ నుంచి తీసి అలన్ హాన్సన్‌కు అప్పగించారు. ఆ డిసెంబరులోనే నీల్ బోల్టన్‌కు వెళ్లిపోయారు.

పైగా ఆయన పదవి చేపట్టిన సమయం ఎటువంటిదో చూడండి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో, లివర్‌పూల్ ఆడిన యూరోపియన్ కప్ ఫైనల్‌కు ముందు ప్రేక్షకుల మధ్య జరిగిన గొడవలో 39 మంది ప్రాణాలు పోయాయి. ఆ దుర్ఘటన తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి నిషేధించారు. మేనేజర్ జో ఫేగన్ తప్పుకోగా, 34 ఏళ్ల డాల్‌గ్లీష్ ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. సలహాదారుగా మాజీ మేనేజర్ బాబ్ పైస్లీ అండగా నిలవడం నిజంగా ఆయన అదృష్టం.

ఆ మొదటి సీజన్‌లో ఆయన చాలా మ్యాచ్‌లకు తన పేరును తానే జట్టులోంచి తీసేసుకున్నారు. 1986 మే 3న స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో చెల్సీపై గెలిస్తే టైటిల్ దక్కుతుందన్నప్పుడు మాత్రం మైదానంలో ఉన్నారు. జిమ్ బెగ్లిన్ అందించిన బంతిని ఛాతీతో ఆపి, అది నేలను తాకకముందే కుడికాలితో గోల్‌లోకి కొట్టారు. స్కోరు 1–0. సరిగ్గా వారానికి ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో ఎవర్టన్‌ను 3–1తో ఓడించి, ఒకే సీజన్‌లో రెండు ట్రోఫీలు గెలిచారు. కాబట్టి ఆటగాడు మేనేజర్ కావడమే లోపమని నేను అనుకోను.

సమాధానం: లెప్పింగ్స్ లేన్

అసలు కారణం 1989 ఏప్రిల్ 15న ఉందని నా నమ్మకం. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో జరిగిన ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్‌ను మధ్యాహ్నం 3 గంటల 6 నిమిషాలకు ఆపేశారు. లివర్‌పూల్ అభిమానులు కిక్కిరిసిన స్టాండ్‌లో జరిగిన తొక్కిడికి బలైనవారి సంఖ్య చివరికి 97కు చేరింది. ఆ రోజు డాల్‌గ్లీష్ కొడుకు పాల్ కూడా ఆ మైదానంలోనే ఉన్నాడు. పిల్లవాడు క్షేమంగా కనబడేదాకా ఒక తండ్రి పడిన వేదన ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

తర్వాతి రోజుల్లో లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్ సగం వరకు పూలతో, మెడ కండువాలతో నిండిపోయింది. డాల్‌గ్లీష్, ఆయన భార్య మరీనా, ఆటగాళ్లు బాధిత కుటుంబాలను ఓదార్చారు, ఆసుపత్రులకు వెళ్లారు. ఒక్కరోజే నాలుగు అంత్యక్రియలకు ఆయన హాజరయ్యారు. అంతటి దుఃఖాన్ని మోస్తూనే మే 20న ఎవర్టన్‌పై 3–2తో కప్ గెలిచారు, మే 26న ఆర్సెనల్ చేతిలో చివరి నిమిషంలో లీగ్ టైటిల్ పోగొట్టుకున్నారు, మరుసటి ఏడాది దాన్ని తిరిగి తెచ్చారు. అందరినీ ఓదార్చిన మనిషి తనకంటూ విశ్రాంతి తీసుకోలేదు.

ఎవర్టన్‌తో ఆ 4–4 మ్యాచ్‌లో లివర్‌పూల్ నాలుగుసార్లు ముందంజ వేసింది, నాలుగుసార్లూ ఎవర్టన్ సమం చేసింది. జట్టులో ఏ మార్పు చేయాలో తనకు తెలిసి కూడా చేయలేకపోయానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. తప్పుకోవాలన్న నిర్ణయం మాత్రం మ్యాచ్ మొదలవకముందే జరిగిపోయిందని కూడా ఆయనే అన్నారు. కనుక ఆ స్కోరు కారణం కాదు. మేనేజర్‌కు అత్యవసరమైన నిర్ణయశక్తి ఆనాటికి ఆయనలో అలసిపోయిందనడానికి అది గుర్తు మాత్రమే.

సమాధానం: ఈవుడ్ మెట్ల మీద

పైవారితో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేరుస్తాను. ఆ శక్తి అలసిపోయిందే తప్ప ఆరిపోలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1991 అక్టోబరులో, ఆయన రెండో డివిజన్‌లో ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌లో చేరారు. ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు సమకూర్చారన్నది నిజమే, కానీ 1992లో స్ట్రైకర్ అలన్ షియరర్‌ను ఒప్పించి తీసుకురావడం వెనుక డాల్‌గ్లీష్ అనే పేరుకున్న గౌరవాన్ని తక్కువ చేయలేము. ఆ మే నెలలోనే ప్లేఆఫ్ ఫైనల్లో లెస్టర్‌పై 1–0తో గెలిచి జట్టు పై డివిజన్‌కు చేరింది.

ఇక 1995 మే 14. టైటిల్‌కు చివరి మ్యాచ్ ఎక్కడ వచ్చిందంటే, ఆన్‌ఫీల్డ్‌లోనే! అదనపు సమయంలో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్‌తో లివర్‌పూల్ 2–1తో గెలిచింది. అయినా అదే సమయంలో మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్‌తో 1–1తో ఆగిపోవడంతో, 89 పాయింట్లతో, ఒక్క పాయింటు తేడాతో టైటిల్ బ్లాక్‌బర్న్‌దైంది. 1914 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి లీగ్ టైటిల్. తాను వదిలి వచ్చిన మైదానంలో, తన పాత జట్టు చేతిలో ఓడిపోయి కూడా ఆయన చాంపియన్ అయ్యారు. న్యూకాజిల్‌లోనూ, 2011లో మళ్లీ లివర్‌పూల్‌లోనూ పనిచేశారు గానీ ఆ స్థాయి విజయం తిరిగి రాలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: ఏడో నంబరు చొక్కా

అందరికీ కృతజ్ఞతలు. 4–4 మ్యాచ్‌ను కారణంగా చూడటం నా పొరపాటు. 1991 గురించి అడుగుతూ 1989ని నేను లెక్కలోకే తీసుకోలేదు. 2017లో ఆన్‌ఫీల్డ్‌లో ఒక స్టాండ్‌కు ఆయన పేరు పెట్టారని చదివినప్పుడు అది గోల్స్‌కు, ట్రోఫీలకు దక్కిన గౌరవమని అనుకున్నాను. ఆ నాలుగు అంత్యక్రియల సంగతి తెలిశాక ఆ పేరు నాకు వేరుగా వినిపిస్తోంది.