మావారి నాడి లయ తప్పుతోంది, గోంగూర మానిపించాలా?

పోయిన వారం ఈసీజీ తీసి మావారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు. 58 ఏళ్లు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రాశారు. రాత్రి రెండింటికి లేచి ఆయన మణికట్టు పట్టుకుంటున్నాను. గబగబా నాలుగు కొట్టుకుని, ఆగి, మళ్లీ ఒకటి. భయంతో నిద్ర పట్టట్లేదు. ఆకుకూరలు పూర్తిగా మానాలా? గోంగూర లేనిదే ఆయనకు ముద్ద దిగదు.

జవాబు: మానక్కర్లేదమ్మా. మా ఆవిడకీ ఇదే, ఆరేళ్లయింది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది, అందుకే ప్రతి వారం ఒకే మోతాదులో తిననివ్వండి. ఒక వారం కట్టలకొద్దీ తిని, మరో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే రక్తపరీక్ష అంకె) అటూ ఇటూ పోతుంది. మామూలుగా 2–3 మధ్య ఉంచుతారు.

జవాబు: అక్కా, ఒళ్లునొప్పులకు బ్రూఫెన్ సొంతంగా వేయకండి, రక్తస్రావం కావచ్చు. మూతి వంకరపోయినా, మాట తడబడినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అడిగినావిడ: 108 ఫ్రిజ్ మీద రాసి అంటించాను. గోంగూర బుధవారం ఒక్కరోజే అంటే ఒప్పుకున్నారు.