మగవాడి వైపు నుంచి నడిచే ప్రేమ నవలలు చెప్పండి

మాది మహబూబ్‌నగర్. డ్యూటీ నుంచి వచ్చాక రాత్రి గంటసేపు నవల చదవడం అలవాటు. డిటెక్టివ్‌లు, హారర్ చాలా అయ్యాయి, ఇప్పుడు ప్రేమ నవలల మీదికి మనసు పోయింది. నాకు పట్టేవే దొరకట్లేదు.

యద్దనపూడి 'సెక్రటరీ' ఆపకుండా చదివించింది. అయితే కథ ఎక్కువగా జయంతి వైపు నుంచే నడుస్తుంది, రాజశేఖరం లోపల ఏముందో ఆమెతో పాటు మనమూ ఊహించుకోవాల్సిందే. చలం 'మైదానం' కూడా రాజేశ్వరి చెప్పే కథే. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' మాత్రం నన్ను పట్టేసింది. చెస్ ఆడే రేవంత్, ఫోన్‌లో ఒక అమ్మాయి గొంతు, ఆమె ఎవరో కనుక్కోవాలన్న ఆరాటం. అతని టెన్షన్ నాకూ పట్టుకుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి మనసు గొప్పగా ఉంది గానీ, దాన్ని ఒట్టి ప్రేమకథ అనలేం.

లైబ్రరీలో అడిగితే పాత సీరియల్ నవలలే చేతిలో పెడుతున్నారు. హైదరాబాద్ పోయినప్పుడు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కూడా తిరగేశాను. ఫోన్‌లో 'రొమాన్స్' అని వెతికితే బూతు కథలు వస్తున్నాయి, అవి వద్దు.

అబ్బాయి భయం, జేబులో డబ్బుల్లేని ఇబ్బంది, నోటిదాకా వచ్చి మింగేసిన మాట, ఇవి నిజాయితీగా రాసి ఉండాలి. ముగింపు ఎట్లున్నా పర్వాలేదు. 300 పేజీల లోపు అయితే మేలు. పాలమూరు, నల్లగొండ వైపు ఊళ్లలో జరిగే కథైతే మరీ సంతోషం.

'వెన్నెల్లో ఆడపిల్ల' నచ్చిన నాకు, తర్వాత చదవడానికి మీరు ఏ తెలుగు నవల చెప్తారు?