మాస్కు పెట్టుకోని కార్మికుడి కూలిలో కోత పెట్టడం న్యాయమేనా?

చర్చకు పెట్టినవారు: పత్తిమిల్లు సూపర్‌వైజర్, వరంగల్

వరంగల్ శివార్లలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ఏడేళ్లుగా సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఈ సీజనులో మా యజమాని కొత్త నియమం పెట్టారు. జిన్ను యంత్రాల దగ్గర మాస్కు లేకుండా కనిపించినా, చీర కొంగు గానీ తలకు కట్టిన దస్తీ గానీ వదులుగా వేలాడుతూ కనిపించినా ఆ రోజు కూలిలో వంద రూపాయలు కోత పెడతారు. ఎవరికి కోత పెట్టాలో సాయంత్రానికి నేను రాసివ్వాలి.

ఈ నియమం ఊరికే రాలేదు. గత సీజనులో, జనవరి నెలలో, జిన్నుకు పత్తి అందించే ఒక మహిళ దస్తీ కొస పుల్లీకీ బెల్టుకూ మధ్య చిక్కుకుంది. దాన్ని వెనక్కి లాక్కోబోయి ఆమె కుడి చేతి రెండు వేళ్లు పోగొట్టుకుంది. ఆనాటి నివేదికలో కారణం అనే గడిలో "కార్మికురాలి అజాగ్రత్త" అని రాసింది నేనే. మళ్లీ అలా జరగకూడదనే యజమాని ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ అయిదు వందల కూలిలో వంద తీసేయడానికి నా చేయి రావడం లేదు. ఇలాంటి చోట్ల పనిచేసినవారు, చేయించినవారు తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

గ్రానైట్ యూనిట్ యజమాని, కరీంనగర్

నేను మీ యజమాని పక్షాన మాట్లాడతాను, దాచుకోను. నా దగ్గర 14 మంది పనిచేస్తారు. మాస్కులు పెట్టెలకొద్దీ తెచ్చి ఇచ్చాను, నిపుణుణ్ని పిలిపించి చెప్పించాను, గోడ మీద బొమ్మలు వేయించాను. మర్నాడు చూస్తే మాస్కులన్నీ కంప్రెసర్ పిడికి వేలాడుతూ ఉండేవి. కోత మొదలుపెట్టిన రెండు వారాల్లో అందరి ముఖాలకూ మాస్కు వచ్చింది. బండి మీద హెల్మెట్ విషయంలోనూ ఇదే జరిగింది కదా! చలానా పడుతుందని తెలిసేదాకా ఎంతమంది పెట్టుకున్నారు?

గ్రానైట్‌లో దాదాపు నాలుగో వంతు, కొన్ని రకాల్లో అంతకంటే ఎక్కువ, స్ఫటిక సిలికా ఉంటుంది. పొడి రాయిని కోసినప్పుడు, అరగదీసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేదానికంటే కనిపించని సన్న రేణువే ప్రమాదకరం, ఎందుకంటే అది ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు, పని మానేసినా అది ముదురుతూనే ఉండవచ్చు. అలాంటప్పుడు ఒక మనిషి తనంతట తాను మారేదాకా ఎదురుచూడడం దయ అనిపించుకోదు.

విశ్రాంత ఓవర్‌మన్, గోదావరిఖని

సింగరేణి భూగర్భ బొగ్గు గనుల్లో 32 ఏళ్లు పనిచేసి, పనివాళ్ల మీద పర్యవేక్షణ చూసే ఓవర్‌మన్‌గా దిగిపోయినవాణ్ని కాబట్టి క్రమశిక్షణ అవసరం లేదని నేను ఎన్నడూ అనను. టోపీ, బూట్లు, క్యాప్ ల్యాంపు, విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ లేకుండా ఎవరినీ గనిలోకి దిగనిచ్చేవాళ్లం కాదు. బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడిమి చూసేవాళ్లం. అయితే డబ్బు కోసుకుని లోపలికి పంపడం మాత్రం అక్కడ లేదు. వస్తువు లేకపోతే పని లేదు, తెచ్చుకుంటే పని ఉంది, అంతే. వంద రూపాయలు కట్టించుకుని ప్రమాదంలోకి పంపినట్టయితే, మనం ఆ ప్రమాదాన్ని ఆపినట్టా, దానికి ధర కట్టినట్టా? యజమానిగారు ఈ మాట ఆలోచించాలి.

మరొక సంగతి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. నెత్తి మీది టోపీ గానీ దానికున్న ల్యాంపు గానీ నీటిని ఆపేవి కావు. షిఫ్టుకు ముందు మేము కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడు గట్టిగా ఉందా బోలుగా ఉందా అని విని, బోలుగా ఉంటే ముందు మనుషులను బయటికి పంపి ఆ తర్వాతే కప్పు కూలకుండా బోల్టు కొట్టించేవాళ్లం. ముందు కప్పును, నీటిని, గాలిని చూసుకోవాలి, ఒంటి మీద తొడిగేవాటి వంతు చివర వస్తుంది. మీ మిల్లులో ఆ ముందు వరుస పనులన్నీ అయిపోయి మాస్కు ఒక్కటే మిగిలిందా అన్నది నా ప్రశ్న.

కార్మిక కేసులు చూసే న్యాయవాది, హన్మకొండ

సూపర్‌వైజర్‌గారూ, ముందుగా లెక్క చూద్దాం. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లోనూ ఒక వేతన కాలంలో వేసే మొత్తం జరిమానా ఆ కాలపు వేతనంలో 3 శాతాన్ని మించకూడదు. మీ దగ్గర వారానికోసారి కూలి ఇస్తారనుకుంటే, ఆరు రోజులకు 3,000 రూపాయల మీద 3 శాతం అంటే 90 రూపాయలు. ఒక్కరోజు కోతతోనే మీరు చట్టం దాటారు. పైగా ఏ తప్పుకు జరిమానా ఉంటుందో ముందుగా ఆమోదం పొంది నోటీసు అంటించాలి, ఆ మనిషి సంజాయిషీ వినాలి, వసూలైన డబ్బును కార్మికుల మేలుకే ఖర్చుచేయాలి. మాస్కుల ఖరీదును కూలీల నుంచి రాబట్టే వీలు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో లేదు, కొత్త భద్రతా కోడ్‌లోనూ లేదు.

ఇక ఆ మహిళ సంగతి. పత్తి జిన్నింగ్ మాత్రమే చేసే మిల్లు అప్పటి ఈఎస్‌ఐ (కార్మిక బీమా) చట్టం లెక్కలో సీజనల్ ఫ్యాక్టరీ, అంటే ఈఎస్‌ఐ దానికి వర్తించదు. అందువల్ల పరిహారం భారం ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద నేరుగా యజమాని మీద పడుతుంది. భద్రత కోసం యంత్రానికి అడ్డుగా బిగించిన కవచాన్ని, అంటే గార్డును, కార్మికుడే తెలిసి తెలిసి తీసేస్తే గాయానికి పరిహారం ఉండదనే మినహాయింపు అందులో ఉన్న మాట నిజమే, కానీ మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవించిన సందర్భాల్లో ఆ మినహాయింపు కూడా పనిచేయదు. మీరు రాసిన "అజాగ్రత్త" అనే మాట ఆ మినహాయింపు కిందికి రానే రాదు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే: ఆ పుల్లీకి గార్డు ఉందా? ఉంటే ఆ రోజు ఎక్కడ ఉంది?

ఒక మాట అదనంగా చెప్పాలి. 1931లో అమెరికాలో ఒక బీమా సంస్థ ఉద్యోగి హెన్రిచ్, 88 శాతం ప్రమాదాలకు పనివాళ్ల చేతలే కారణమని లెక్క తేల్చాడు. ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో ఆ అంకె వినిపిస్తుంది. ఆ లెక్కకు ఆధారం బీమా ఫైళ్లు, ఫ్యాక్టరీ యజమానుల రికార్డులు. ఆ రికార్డుల్లో కారణం రాసేది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గ్రానైట్ యూనిట్ యజమాని, కరీంనగర్

చట్టం 3 శాతమంటే 3 శాతమే, నేను సరిచేసుకుంటాను. కానీ పెద్దాయన చెప్పినట్టు వస్తువు లేనివాణ్ని వెనక్కి పంపితే పోయేది వంద కాదు, ఆ రోజు కూలి మొత్తం పోతుంది. అది ఇంకా పెద్ద శిక్ష కాదా? సింగరేణిలో వెనక్కి పంపిన మనిషి స్థానంలో మరొకరు ఉంటారు, 14 మంది ఉన్న నా దగ్గర ఒకరు తగ్గితే యంత్రం ఆగుతుంది. చిన్న యూనిట్ల కష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి.

ఏఎన్‌ఎం, గీసుగొండ మండలం

మా ఉపకేంద్రానికి సీజనులో జిన్నింగ్ మిల్లుల నుంచి ఆడవాళ్లు వస్తారు. ఛాతీ పట్టేసినట్టుందని, దమ్ము ఆడటం లేదని చెబుతారు. ఎప్పుడు మొదలైందని అడిగితే చాలామంది చెప్పేది వారపు సెలవు మర్నాడని. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ మొదటి దశ ఇలాగే ఉంటుంది: సెలవు తర్వాత తొలిరోజు ఎక్కువ, తర్వాతి రోజుల్లో తగ్గుముఖం, సంవత్సరాలు గడిచాక అన్ని రోజులూ. సెలవులో ఏదో తిన్నందుకు, చల్లగాలికి వచ్చిందని వాళ్లు అనుకుంటారు. పరిహార చట్టం జాబితాలో ఈ జబ్బు ఉందని వాళ్లకు తెలియదు.

దస్తీ కట్టుకున్నాం కదా అంటారు. దస్తీ నూగును ఆపుతుంది గానీ సన్న దుమ్మును ఆపదు. మంచి మాస్కు కూడా ముఖానికి బిగుతుగా కూర్చుంటేనే పనిచేస్తుంది, చెమటకు తడిస్తే దానిలోంచి గాలి పీల్చడం కష్టమవుతుంది. సార్, మీరు ఒక షిఫ్టు ఆ మాస్కు పెట్టుకుని జిన్ను పక్కన నిలబడి చూశారా? నిష్ఠూరంగా అడగడం లేదు. చూస్తే మీకే తెలుస్తుందని అడుగుతున్నాను.

పత్తిమిల్లు సూపర్‌వైజర్, వరంగల్

అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను. ఏఎన్‌ఎం గారి మాట పట్టుకుని నిన్న పగటి షిఫ్టంతా మాస్కు పెట్టుకుని జిన్నుల వరుసలో నిలబడ్డాను. అరగంటలోపే మాస్కు తడిసి మూతికి అతుక్కుంది. జిన్నుల చప్పుడులో పక్క మనిషికి మాట చెప్పాలంటే దాన్ని కిందికి లాగక తప్పలేదు. మధ్యాహ్నానికి నేనే మూడుసార్లు తీశాను. నా నియమం ప్రకారం నాకే కోత పడాలి.

న్యాయవాదిగారు అడిగిన గార్డు దొరికింది. ఆ జిన్ను వెనక గోడకు ఆనించి ఉంది, దాని మీద సాలీడు గూడు కట్టింది. నాలుగు బోల్టులతో బిగించే ఇనుప జాలీ అది. పుల్లీ సందులో నూగు పేరుకుపోయి గంటకోసారి శుభ్రం చేయాల్సి వస్తుంది. ప్రతిసారీ నాలుగు బోల్టులు విప్పాలి, పానా ఉండేది ఫిట్టర్ దగ్గర, ఫిట్టర్ ఉండేది అవతలి షెడ్డులో. రెండు సీజన్ల కిందట ఎవరో దాన్ని విప్పి పక్కన పెట్టారు, మళ్లీ బిగించమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. ఆమె దస్తీ వదులుగా ఉన్న మాట నిజం, కానీ జాలీ దాని చోట ఉంటే ఆ దస్తీ పుల్లీని చేరేది కాదు.

యజమానితో రెండు గంటలు మాట్లాడాను. కోత నియమం ఆపారు, రద్దు చేయలేదు. ఫిట్టర్ ఒక జిన్నుకు తలుపులా తెరుచుకునే కీలు జాలీ చేశాడు, దాన్ని తెరిస్తే మోటారు ఆగేలా స్విచ్చు పెట్టాడు. మిగిలినవాటికి ఈ నెలాఖరు గడువు. దుమ్ము లాగే ఫ్యాన్ల ఖర్చు దగ్గర మాత్రం మాట ముందుకు సాగలేదు, మళ్లీ అడుగుతాను.

గ్రానైట్ యూనిట్ యజమాని, కరీంనగర్

ఆ కీలు జాలీ ఫొటో పెట్టండి. నా దగ్గర పొడిగా అరగదీసే చోట నీళ్ల పైపు బిగించమని ఈ రోజే చెప్పాను, తడి రాయి మీద దుమ్ము లేవదని నాకు తెలియక కాదు, ఇన్నాళ్లూ వాయిదా వేశాను. అయినా మాస్కు విషయంలో కోత నేను మానను, 3 శాతం లోపలే వేస్తాను. నీళ్లు పెట్టాక కూడా మిగిలే దుమ్ము ఉంటుంది.

విశ్రాంత ఓవర్‌మన్, గోదావరిఖని

నీళ్లు పెట్టాక మాస్కు ఎంతమంది తీస్తున్నారో ఒక నెల రాసి చూడండి, ఆ తర్వాత కోత సంగతి మాట్లాడుకుందాం. సూపర్‌వైజర్‌గారూ, ఆ నివేదిక సంగతి ఏం చేశారు?

పత్తిమిల్లు సూపర్‌వైజర్, వరంగల్

అజాగ్రత్త అన్న మాట కొట్టేసి "పుల్లీకి గార్డు లేదు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాను. యజమానికి చూపించాను, ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఒక నకలు తీసుకోమన్నారు. పరిహారానికి ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చని న్యాయవాదిగారు ఫోన్‌లో చెప్పారు. ఆమె ఇప్పుడు నర్సంపేట దగ్గర వాళ్ల తల్లిగారి ఊళ్లో ఉంటోంది. ఆదివారం ఆ నకలు తీసుకుని వెళ్తున్నాను.