అటక మీద పాత గేమ్ సీడీలు దొరికాయి, ఉంచాలా ఇచ్చేయాలా?

మూడులాంతర్ల_కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర పాత ఇల్లు. సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని అటక దులుపుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది, నిండా గేమ్ సీడీలే, నలభై పైనే ఉంటాయి. అందులో ముప్పై దాకా కాపీలే, గంటస్తంభం దగ్గర షాపులో రైట్ చేయించుకున్నవి, మార్కర్‌తో వైస్ సిటీ 1, వైస్ సిటీ 2 అని (ఒకే గేము, రెండు సీడీలు) రాసున్నవి. ఒరిజినల్స్ ఆరేడు ఉన్నాయి, వాటిల్లో ఒకటి ఈఏ కంపెనీ వాళ్ల క్రికెట్ గేము, క్రికెట్ 07.

అది 2007లో నేను టెన్త్ పాసయినప్పుడు నాన్న పాసింజరు బండిలో వైజాగ్ తీసుకెళ్లి ద్వారకానగర్‌లో కొనిచ్చారు. ఇంటికొచ్చేదాకా ఆగలేక బండిలోనే పైన ప్లాస్టిక్ కవరు చింపేసి, లోపల పుస్తకం కొత్తవలస వచ్చేలోపు రెండుసార్లు చదివేశాను, ఏ షాట్‌కి ఏ బటనో ఇంటికెళ్లే ముందే బట్టీ వచ్చేసింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే కీ నంబరున్న స్టిక్కరు ఊడిపోతుందేమోనని నాన్న ఆ నంబరంతా బాల్‌పెన్‌తో బాక్సు లోపలి కాగితం మీద మళ్లీ రాసిపెట్టారు. ఇప్పుడు చూస్తే స్టిక్కరు మొత్తం తెల్లగా అయిపోయింది, నాన్న రాసింది మాత్రం ఉంది. కానీ మూడో ముక్కలో ఒకటి 8 ఓ బీ ఓ ఎంత చూసినా తెలియట్లేదు, అక్కడ కాస్త చెమ్మ తగిలినట్టుంది.

నా ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవే లేదు. అమ్మేమో పాత సామాన్ల బండికి ఇచ్చేయ్ అంటోంది. ఇవి ఇంకా పనిచేస్తాయా, దాచాలంటే ఎలా దాచాలి? ఇంకో మాట కూడా అడగాలనిపించింది. నెట్‌లో గేములు కొని దింపుకునే స్టీమ్‌లో నాకు వంద పైన గేములున్నాయి, ఏది ఎప్పుడు కొన్నానో ఒక్కటీ గుర్తు లేదు, ఈ పెట్టెలో మాత్రం ఏ సీడీ తీసినా ఎవరి దగ్గర తెచ్చానో, ఎవరికిచ్చి మళ్లీ ఎన్నాళ్లకి వెనక్కి తెచ్చుకున్నానో చెప్పగలను. మీకూ ఇంతేనా?

సిక్కోలు_హార్డ్‌వేర్:
తమ్ముడూ ఒక్కటి కూడా పారేయకు. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర పదహారేళ్లు సిస్టమ్స్ రిపేర్ చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. క్రికెట్ 07 అయితే అస్సలు వదలకు, 2006 చివర్లో వచ్చిన గేమది, దాని తర్వాత ఈఏ వాళ్లు పీసీకి క్రికెట్ గేమే తీయలేదు, ఇప్పుడు డబ్బులిస్తానన్నా ఏ డౌన్‌లోడ్ స్టోర్‌లోనూ దొరకదు. నీ చేతిలో ఉన్నదే దిక్కు.

ముందు కాపీల సంగతి చూడు, ఒరిజినల్స్ కాదు. రైట్ చేసిన సీడీలో డేటా ఉండేది ఒక రకం రంగు పూతలో, వేడికీ ఎండకీ అది వెలిసిపోద్ది, అటక మీద రేకుల కింద ఉన్నవైతే ఇంకా తొందరగా. ఒరిజినల్ ఫ్యాక్టరీలో అచ్చు వేసినది, ఎక్కువ కాలం ఉంటది. చాలామంది మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటారు గానీ సీడీకి అసలు ప్రాణం బొమ్మ ఉన్న వైపు ఉంటది. కింద వైపు ఒక మిల్లీమీటరు పైనే మందం ప్లాస్టిక్, అక్కడ గీత పడితే పాలిష్ పెట్టి బాగు చేయొచ్చు. పైన మాత్రం సన్నటి వార్నిష్, దాని కిందే అల్యూమినియం పూత, అక్కడ గీరుకుపోతే ఇక అంతే. డీవీడీకి ఆ భయం తక్కువ, పూత రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్యలో ఉంటది. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడు, సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే పూత పోతున్నట్టే. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పి తుడవకు, మధ్య నుంచి అంచుకి నిలువుగా మెత్తటి నూలు గుడ్డతో తుడువు.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తెచ్చుకుని ఒక్కో సీడీ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా, అంటే ఐఎస్ఓగా తీసి రెండు హార్డ్‌డిస్క్‌ల్లో పెట్టుకో. కొన్ని ఒరిజినల్స్ కాపీ చేస్తుంటే ఎర్రర్లు వస్తాయి, డిస్క్ పోయిందని కంగారు పడకు, సేఫ్‌డిస్క్ లాంటి, కాపీ చేయనివ్వని లాకులకి కావాలనే చెడిపోయిన సెక్టార్లు పెట్టేవారు. ఆ లాకున్న గేములు మామూలుగా విండోస్ 10లో తెరుచుకోవు, దానికి కావలసిన డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ 2015లోనే ఆపేసింది. ఎవరింట్లోనైనా పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంటే అందులో వేసి చూడు. ఆ 8, బీ సంగతి పెద్ద కష్టమేం కాదు, రెండూ కొట్టి చూడడమే.

పలాస_జీడిపప్పు:
నాకూ సీడీలంటే పేనమే గానీ, తిత్లీ తుపాను తర్వాత నా మనసు మారిపోనాది. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల, మా ఇంటి మీద రేకులు లేచిపోనాయి, బీరువా మీద పెట్టిన సీడీ పౌచ్ నిండా నీళ్లు. రెండు రోజులు పోయాక ఎండబెడదామని తీస్తే లోపలి కాగితం ఒక్కోదానికీ అంటుకుపోయి ఉంది, మెల్లగానే లాగాను, కాగితంతో పాటు పైన వెండిరంగు పూత రేకులు రేకులుగా ఊడొచ్చీసింది, చేతిలో అద్దంలాగ ప్లాస్టిక్ బిళ్ల మిగిలింది. ఓ పదిహేను అలాగే పోనాయి. తోటలే పోయిన ఊళ్లో సీడీల కోసం ఏడిస్తే బాగోదని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే మొదటిసారి రాస్తన్నా.

కరెంటూ నెట్టూ వొచ్చాక స్టీమ్‌లో పాస్‌వర్డ్ కొడితే కొన్నవన్నీ అలగే ఉన్నాయి. అప్పట్నుంచీ డౌన్‌లోడే. అయినా ఈమధ్య డిస్కులో మాత్రం ఏటుంది, జీటీఏ ఫైవ్ గేము 2015లో పీసీకి ఏకంగా 7 డీవీడీల్లో వొచ్చింది, ఏడూ మార్చి మార్చి ఎక్కించినా మళ్లీ నెట్ ఉంటేనే తెరుచుకుంటది.

బొబ్బిలి_అప్ప:
పలాస తమ్ముడూ, నీ సీడీల సంగతి చదివి చాలా బాధేసింది, ఏడిస్తే తప్పేం లేదు. కానీ అలగే ఉన్నాయి అన్నావు చూడు, అక్కడ ఒక మాట. అవి ఉన్నట్టు కనబడతాయి గానీ మనవి కావు, ఆడుకోడానికి లైసెన్స్ ఇస్తున్నామని కొనేటప్పుడు ఇప్పుడు స్టీమే రాస్తోంది. ది క్రూ అని కార్ల గేము, డబ్బులు పెట్టి కొన్నవాళ్లకి కూడా 2024లో సర్వర్లు ఆపేస్తే ఇక తెరుచుకోలేదు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేములో కారెక్కితే రేడియోలో పాటలొచ్చేవి కదా, ఆ పాటల హక్కుల గడువు అయిపోయిందని 2014లో అప్‌డేట్ ఇచ్చి కొన్ని తీసేశారు, 2018లో జీటీఏ ఫోర్‌కీ అదే చేశారు. మా పెద్దోడు కొన్న పాత డీవీడీలో ఇప్పటికీ అన్ని పాటలూ వస్తాయి. మన ఇంట్లో బీరువాలో ఉన్నదాన్ని ఎవరూ వచ్చి గీకేయలేరు.

డౌన్‌లోడ్‌ని తిట్టట్లేదు, దాని కోసం పడ్డ కష్టం నాకూ తెలుసు. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మీద నెట్ 256 కేబీపీఎస్ స్పీడు, రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకా వాడింది బిల్లు లెక్కలోకి వచ్చేది కాదు, ఆ ఆరు గంటలూ ఒక్కసారి కూడా తెగకుండా లాగితే ఒక 700 ఎంబీ సీడీ దిగేది. రాత్రికి ఒక సీడీ అన్నమాట. నేను అలారం పెట్టుకుని 2కి లేచి నొక్కేదాన్ని, మధ్యలో ఎవరైనా ఫోన్ పీకేస్తే అంతా మొదటికొచ్చేది. అలా దింపింది తమ్ముళ్లిద్దరికీ రైట్ చేసి ఇచ్చేదాన్ని, వాళ్లు కొట్టుకుని ఒకడు బియ్యం డ్రమ్ములో దాచేవాడు, అక్కణ్నుంచి ఎదురింటి గుంటలకి వెళ్లేది, వాళ్ల దగ్గర్నుంచి వీధి చివరికి. ఇప్పుడు నా అకౌంట్లో కొన్న గేము మా తమ్ముడికి చేతిలో పెట్టి ఇవ్వాలంటే దారేది. నాకు ఎక్కువ బాధ అక్కడే.

విజయనగరం బాబూ, మీ నాన్నగారు రాసిన ఆ కాగితం ముందు ఫోటో తీసి పెట్టుకో, సీడీ తర్వాత.

మూడులాంతర్ల_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. అప్పా, మీరు చెప్పగానే ఫోటో తీశాను. ఆదివారం కోట దగ్గర మా పిన్ని వాళ్లింటికి పట్టుకెళ్లాను, వాళ్ల ముందుగదిలో గుడ్డ కప్పి ఒక ఎక్స్‌పీ డెస్క్‌టాప్ ఉంది, పదేళ్లుగా ఎవరూ వేయలేదట. డ్రైవ్ ట్రే బయటికి రాలేదు, పిన్ను గుచ్చి తీశాను. కాపీల్లో పదకొండు చదవట్లేదు, వైస్ సిటీ 2 పోయింది, 1 బాగుంది. క్రికెట్ 07 గరగరమని ఓ నిమిషం తిరిగి తీసుకుంది.

కీ దగ్గర ముందు 8 కొట్టాను, తప్పంది. బీ కొడితే వెళ్లిపోయింది. ఇన్‌స్టాల్ అయ్యి మ్యాచ్ పెట్టగానే ఆస్ట్రేలియా కామెంటేటర్ రిచీ బెనో కామెంటరీ మొదలైంది, ఆయన 2015లోనే పోయారు, ఆ గొంతు వినగానే నేను బ్యాటింగ్ కూడా మర్చిపోయి అలా కూర్చుండిపోయాను, మొదటి బంతికే వికెట్ పోయింది.

సాయంత్రం నాన్నకి చూపించి ఇది 8 అనుకున్నాను అన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, నేను 8 ఎప్పుడూ ఒక సున్నా మీద ఇంకో సున్నా పెట్టి రాస్తాను కదరా, ఇది ఎలా 8 అవుద్ది, అన్నారు. పెట్టె ఇప్పుడు నా బీరువాలో ఉంది, అమ్మ కూడా ఏమీ అనలేదు.